తెల్లటి తొట్టి

పోయిన వారం కథలో చిన్నదాన్ని బస్సెక్కించి వదిలేశాం. కిటికీ పక్క సీటు, ఒళ్ళో మూత బిగించిన ఖాళీ స్టీలు క్యాను, మొహం నిండా నిద్ర లేని వాపు. కండక్టరు క్యాను చూసి "పాలకేనా అమ్మా?" అంటే అవునని అబద్ధమాడింది. నిజం చెబితే మాత్రం ఎవరు నమ్ముతారు? కుళ్ళు నీళ్ళ కోసం పుట్టింటికి పోతున్నానని ఏ ఆడది చెప్పుకుంటుంది?

కొత్తగా ఈ కథలోకి వచ్చినవాళ్ళుంటే కాస్త ముందుకు జరిగి కూర్చోండి, సంగతేమిటో చెప్పేస్తాను. అక్కాచెల్లెళ్ళిద్దరి తల్లి నార తీసేది. నార మొక్క కాడల్ని కట్టలు కట్టి, రాతి తొట్టిలో నీళ్ళలో ముంచి, పైన దుంగ బరువు పెట్టి ఊరబెడితే, ఆ నీళ్ళలో ఉండే కంటికానని సూక్ష్మజీవులు బెరడుని మెత్తబరిచి నారని విడగొడతాయి. చుట్టుపక్కల ఎన్ని తొట్లున్నా ఆ తల్లి తొట్టిలో ఊరిన నారకి వచ్చే మెత్తదనం ఇంకెక్కడా వచ్చేది కాదు. ఆవిడ కిటుకల్లా ఒకటే. తొట్టిని ఎన్నడూ పూర్తిగా ఖాళీ చేయనిచ్చేది కాదు, కడగనిచ్చేది కాదు. అడుగున మోకాలి లోతు పాత నీళ్ళు ఉంచి, దాని మీదే కొత్త నీళ్ళు పోసేది. ప్లాస్టిక్ తాళ్ళొచ్చి నారతాళ్ళ బేరాన్ని మింగేశాక ఊళ్ళో మిగతా తొట్లన్నీ ఎండిపోయాయి. ఒకదాంట్లో ఇప్పుడు సిమెంటు బస్తాలున్నాయి, ఒకదాంట్లో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి. ఆవిడ తొట్టి మాత్రం ఆవిడ పోయాక కూడా ఎండలేదు. పెద్ద కూతురు దాన్ని తడిగా నిలబెట్టింది.

చిన్న కూతురు చదువుకుని పట్నంలో పరిశోధనాలయంలో చేరింది. తల్లి తొట్టి నీళ్ళు పట్టుకెళ్ళి వాటి గుట్టు తేల్చింది. నారతో కారు తలుపుల లోపలి అట్టలు, కాడ లోపలి బెండుతో గ్యాసు, మిగిలిన పిప్పితో ఎరువు. ఆ ప్రాంతపు పొలాల్లో పుట్టిందేదీ ఊరికే పోకుండా ఆ ప్రాంతంలోనే సరుకు కావాలన్నది ఆలోచన. విద్య పరిశోధనాలయానిది, యంత్రాలు మిల్లువి, పంట రైతుల సంఘానిది. ముగ్గురూ కూర్చుని సంతకాలు చేసేది రేపు. మిల్లాయన పెట్టిన షరతు ఒక్కటే: పెద్ద ఉక్కు ట్యాంకులో నార ఊరేట్టు చేసి చూపించాలి. లేకపోతే ఫ్యాక్టరీ వేరే చోటికి పోతుంది. చిన్నదాని మాట నమ్మి ఊరు ఊరంతా ఈసారి నారే వేసి కూర్చుంది.

ల్యాబులో గాజు గొట్టాల్లో పెంచినవి పెద్ద ట్యాంకులో మొరాయిస్తున్నాయని తెలిసింది ఇద్దరికే. ఒకరు చిన్నది. రెండోవాడు ఆమె మొగుడు, ఆ మిల్లులోనే ఇంజనీరు. "కంగారెందుకు, మీ ఊళ్ళో తొట్టి ఉందిగా" అన్నాడతను. అని, క్యాంపుకని వెళ్ళాడు. నిన్నట్నుంచి అతని ఫోను పలకడం లేదు.

ఇక పదండి, బస్సు ఆగింది.

*

రోడ్డుకి రెండు పక్కలా నార చేలు మనిషెత్తున నిలబడి ఉన్నాయి. చిన్నది క్యాను చంకన పెట్టుకుని నడుస్తుంటే, గట్టు మీద కూర్చున్న ఓ నడివయసు ఆవిడ పలకరించింది.

"సైంటిస్టమ్మా, రేపు సంతకాల దగ్గరికి మమ్మల్ని కూడా రానిస్తారా? మా ఆయన అప్పుడే చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు."

"రండి పిన్నీ. మీ పంటేగా."

"ఆయనకి సంతకం రాదు. చొక్కా చూసన్నా కుర్చీ వేస్తారని ఆశ."

చిన్నది నవ్వింది గాని ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. ముందుకి నాలుగడుగులు వేసి నిలబడింది. ఏదో తేడాగా ఉంది. ఏమిటో అర్థం కాలేదు. ఇళ్ళు అవే, గోడలు అవే, మలుపులో విరిగిన సైకిలు కూడా అలాగే ఉంది.

వాసన లేదు.

చిన్నప్పుడు బడి నుంచి వస్తుంటే ఈ మలుపు తిరగ్గానే ఆ కంపు ముక్కులో గుచ్చుకునేది. ఊరిన కాడల వాసన, బురద వాసన, అమ్మ చీర వాసన. మూడూ ఒకటే. బయటివాళ్ళకి కడుపులో తిప్పే ఆ కంపు తగిలితేనే ఇల్లొచ్చిందని ఆమెకి తెలిసేది. ఇప్పుడు గాలి ఖాళీగా ఉంది. క్యానుని గట్టిగా పట్టుకుని నడక పెంచింది. ఇంటి గేటు దగ్గరకొచ్చేసరికి పరుగు పెడుతోంది.

గుమ్మంలో బావ ఎదురొచ్చాడు. అక్క మొగుడు. లుంగీ పైకి మడిచి కట్టి, ముంజేతుల దాకా సున్నం మరకలతో ఉన్నాడు. మనిషి భారీ, నోరు అంతకన్నా భారీ.

"రావమ్మా మరదలా. ఎవరో తరుముతున్నట్టు వస్తున్నావేంటి? కొంపదీసి మా తోడల్లుడితో పోట్లాడి వచ్చేశావా? మొన్న మనిషి బానే..." అని, ఎందుకో దగ్గాడు. "అదే, మొన్న నేను ఫోను చేసినప్పుడు గొంతు బానే ఉంది."

"బావా, తొట్టి..."

"ఆగాగు. కళ్ళు మూసుకో. నేను చెప్పినప్పుడు తెరువు."

"బావా, వాసన రావడం లేదు."

"అదే మరి." బావ మొహం వెలిగిపోయింది. "రేపు మీ మిల్లాయన వచ్చి తొట్టి పక్కన కూర్చుని భోంచేయొచ్చు. కాదంటే తొట్టిలోనే ఆకు వేస్తాను."

ఆమె అతన్ని తోసుకుని పెరటి పాక వైపు వెళ్ళింది. వెనకే వచ్చిన బావ, కొత్త పెళ్ళికూతుర్ని చూపించేవాడిలా రేకు తలుపు బార్లా తీశాడు.

తొట్టి తెల్లగా ఉంది.

అమ్మ కాలం నుంచి నల్లగా, జిగురుగా, చెయ్యి పెడితే చేప వీపులా జారిపోయే రాళ్ళు తోమిన పళ్ళలా మెరుస్తున్నాయి. సందుల్లో ఉన్న నాచంతా గీకేశారు. అంచులకి సున్నం వేశారు. పాక నిండా ఆస్పత్రి వరండా వాసన. చిన్నది క్యాను అక్కడే వదిలేసి తొట్టిలోకి దిగింది. మోకాళ్ళ మీద కూర్చుని, రాయికీ రాయికీ మధ్య గోరు పెట్టి లాగింది. గోట్లోకి తెల్లటి పొడి వచ్చింది. ఇంకో సందు. ఇంకోటి. అన్నిట్లోనూ అదే పొడి.

"దుంగలేవి?" అంది.

"పొయ్యిలో పెట్టాం. సలసలా కాగిన నీళ్ళు పోస్తేగాని ఆ జిడ్డు వదల్లేదు మరి. నువ్వేంటి తల్లీ అక్కడ కూర్చుంటావు, చీర..." బావ గొంతు సన్నబడింది. "ఏమైంది? బాలేదా?"

"ఎవరు కడిగారు?"

"నేనే."

"బావా."

"నేనే కడిగానంటే. ఏం, ఈ చేతులు కడగలేవా?"

ఆమె తొట్టిలోంచి అతని చేతులకేసి చూసింది. ముంజేతుల మీద సున్నం మరకలున్నాయి గాని అరచేతులు మామూలుగా ఉన్నాయి. ఈ పొడితో ఇంత తొట్టిని తోమిన చెయ్యి అలా ఉండదు. ల్యాబులో చేతి తొడుగులు లేకుండా దీన్ని ముట్టనివ్వరు.

పాక తలుపు దగ్గర నీడ పడింది. అక్క. కొంగు చేతులకి చుట్టుకుని నిలబడింది.

"వచ్చావా" అంది. "ఎలా ఉంది?"

ఆ అడగడంలో గర్వం లేదు. పరీక్ష రాసి వచ్చిన పిల్ల మేష్టారిని అడిగినట్టుంది.

"నీ చేతులు చూపించక్కా."

"ఎందుకు?"

"చూపించు."

అక్క కొంగు విప్పలేదు. బావే నెమ్మదిగా దగ్గరకెళ్ళి ఆ కొంగు విప్పాడు. వేళ్ళ చివర చర్మం తెల్లగా ఉబ్బి, పొరలుగా లేచిపోయింది. కణుపుల దగ్గర పగిలి ఎర్రగా ఉంది. ఆ చేతులతోనే నార చిక్కు తీసేది అక్క. ఊళ్ళో ఎవరి వేళ్ళకీ అంత సున్నితం లేదని అమ్మే ఒప్పుకునేది.

"నేను చేస్తానంటే వినలేదు" అన్నాడు బావ. "మా అమ్మ తొట్టి, నేనే కడగాలి, ఇంకెవరూ చెయ్యి పెట్టడానికి వీల్లేదంది. నన్ను నీళ్ళు కాచమంది. సున్నం వేయమంది. అంతే."

చిన్నది లేచి నిలబడింది. తొట్టి గోడ ఆమె నడుము దాకా వచ్చింది.

"నీకు తెలుసుగా అక్కా. అమ్మ ఒక్కసారైనా దీన్ని ఖాళీ చేసిందా? నీకు కాకపోతే ఇంకెవరికి తెలుసు? ఎలా చేశావు?"

"తెలుసు. తెలిసే చేశాను."

"ఎందుకు?"

బావ అక్క మొహంలోకి, మరదలి మొహంలోకి మార్చి మార్చి చూసి, ఏదైనా నవ్వు మాట దొరుకుతుందేమోనని వెతుక్కుని, దొరక్క, తలుపు పక్కన గొంతుకూర్చున్నాడు.

"ఆ రోజు మీవాళ్ళందరూ కార్లలో వచ్చారు చూడు" అంది అక్క చివరికి. "మిల్లాయన, మీ పెద్ద సారు, ఫొటోలు తీసేవాళ్ళు. నేను ఇక్కడే, ఈ గట్టు మీద నిలబడి కట్టలు తిప్పుతున్నాను. ఒక్కొక్కళ్ళే జేబులోంచి రుమాలు తీశారు. తీయనీ, వాళ్ళకేం తెలుసు, పరాయివాళ్ళు. నాకేమీ అనిపించలేదు. నువ్వు ఆ చివర ఉన్నావు. నీ వంకే చూస్తున్నాను. నా చెల్లెలు వాళ్ళ మధ్య ఎంత ఠీవిగా ఉందో అని చూస్తున్నాను."

ఆగింది.

"నువ్వు కూడా తీశావు."

నీలం అంచు రుమాలు. ఆ పూట తీసిన మాట నిజం. చిన్నదానికి ఆ వాసన ఇబ్బందే కాదు. అందరి చేతులూ ముక్కు మీదకి వెళ్తుంటే తన చెయ్యి కూడా వెళ్ళింది. ఎందుకెళ్ళిందో ఇప్పుడు చెప్పబోతే, ఏ మాట ఎత్తుకున్నా అది రుమాలు కన్నా హీనంగా ఉంటుంది.

"మీవాళ్ళలో ముక్కు మూసుకోని మనిషి ఒక్కడే. మా మరిది. నీ మొగుడు. ప్యాంటు పైకి మడుచుకుని ఈ గట్టెక్కి, చేత్తో నీళ్ళు తీసి చూశాడు. సొంత చెల్లెలికి కంపు కొట్టింది గాని ఆయనకి కొట్టలేదు."

"అక్కా, అది..."

"అమ్మ ఆ చేతులతోనేగా నీకు జడ వేసేది. రోజూ ఆ వాసన వేసుకుని బడికి పోలేదూ? ఫస్టు రాలేదూ? ఆ రోజు రాత్రే అనుకున్నాను, ఈ కంపు ఉన్నంతకాలం నేను నా చెల్లెలికి తలవంపే అని. రేపు మళ్ళీ అందరూ వస్తారు. మళ్ళీ నువ్వు రుమాలు తీస్తావు. అది నేను ఇంకోసారి చూడలేను. అందుకని కడిగాను."

బావ తల కిందికి దించుకున్నాడు. పాక రేకుల మీద ఎండకి చిటపటమని చప్పుడవుతోంది.

"అయినా ఇందులో ఉన్నదంతా నీ దగ్గరుందిగా" అంది అక్క, కాస్త మెత్తబడి. "గాజు గొట్టాల్లో, చలి బీరువాలో. ఎన్నేళ్ళయినా చెడదు అక్కా అని నువ్వేగా చెప్పావు. అమ్మ అక్కడ భద్రంగా ఉన్నప్పుడు ఇక్కడీ మురికెందుకు?"

చిన్నది తొట్టి గోడని రెండు చేతులా పట్టుకుంది. ఇంతదూరం వచ్చాక ఇక దాచడానికేమీ లేదు.

"లేదక్కా" అంది. "నా దగ్గర లేదు."

"లేకపోవడమేంటి?"

"ఆ నీళ్ళలో ఎన్నో రకాల జీవులుండేవి. అన్నిట్లోకీ గట్టిగా పనిచేసేదాన్ని ఒక్కదాన్ని ఏరుకున్నాం. దానికే పేరు పెట్టాం, దాన్నే గొట్టాల్లో పెంచాం. మిగతావి అడ్డం అనుకుని పారేశాం. చిన్న గొట్టంలో ఉన్నంతసేపు అది బానే చేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. తీసుకెళ్ళి పెద్ద ట్యాంకులో వేస్తే రెండుసార్లు ఊరబెట్టేసరికే చతికిలబడింది. పక్కనున్నవి దానికేం చేసిపెట్టేవో, ఏది దానికి తిండి అందించేదో, ఏది కాపు కాసేదో మేం చూడనేలేదు. అవి లేక అది బతకలేకపోతోంది. అందుకే వచ్చాను. మళ్ళీ మొత్తం నీళ్ళు పట్టుకెళ్దామని." క్యాను వైపు చూసింది. అది నేల మీద పక్కకి పడి ఉంది. "అన్నిట్నీ కలిపి."

అక్క కోపం లేని గొంతుతో అంది:

"మనింట్లో కూడా అంతేగా చేశారు."

చిన్నది తలెత్తింది.

"ఒక్కదాన్ని ఏరి చదివించారు. నేను తొట్టి దగ్గరుంటేనే నువ్వు బడి బెంచీ మీదున్నావు. నేనేమీ అనలేదు. ఇప్పుడూ అనడం లేదు. నువ్వు చెబుతుంటే గుర్తొచ్చింది, అంతే."

చిన్నదానికి అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది. చప్పుడు లేకుండా, నోటికి చేతులడ్డం పెట్టుకుని, తెల్లటి తొట్టిలో నిలబడి ఏడ్చింది. అక్క కూడా గట్టు మీద కూలబడింది. నీ దగ్గరుందనేగా నేను కడిగాను అని అక్క, నీ దగ్గరుందనేగా నేను ధీమాగా ఉన్నాను అని చెల్లెలు. ఇద్దరూ ఆ మాటే పదేపదే అనుకున్నారు. తన నీళ్ళని ఇద్దరి చేతుల్లోనూ పెట్టి పోయిన తల్లి ఇద్దరి చేతుల్లోనూ లేకుండా పోయింది.

"మళ్ళీ పుట్టవా తల్లీ అవి?" అన్నాడు బావ, నేల మీద పుల్లతో గీస్తూ. "కొత్త నీళ్ళు పోసి కట్టలు వేస్తే?"

"పుడతాయి బావా. మీ అత్తగారికి ఆ నీళ్ళు కుదరడానికి సగం జీవితం పట్టింది. బయట చేలు కోతకొస్తున్నాయి."

ఇస్త్రీ చొక్కా ఆయన, గట్టు మీది పిన్ని, ఆ చేలన్నీ ముగ్గురి కళ్ళలోనూ మెదిలాయి.

కళ్ళు తుడుచుకుంటూ చిన్నది యాంత్రికంగా అడిగింది. ఆశ ఉండి కాదు. పోయిన మనిషిని ఎక్కడ పూడ్చారని అడిగినట్టు.

"నీళ్ళు ఎక్కడ పారబోశారు? కాలవలోనా?"

అక్క, బావ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"పారబోయలేదు" అన్నాడు బావ. "పారబోయడానికి మీ అక్కకి చేతులు రాలేదు. అసలు ఇది చెప్పొద్దన్నాడు గాని..."

"ఎవరు?"

"ఇంకా దాపరికమెందుకు, చెప్పెయ్యండి" అంది అక్క. "మొన్న మరిది వచ్చాడే. చిన్న లారీలో నీలం డ్రమ్ములు వేసుకొచ్చాడు. తనే దిగి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, అడుగు బురదతో సహా గిన్నెతో ఎత్తి నింపుకున్నాడు. చుక్క వదల్లేదు. నువ్వే పంపావన్నాడు. నీకు చెప్పొద్దు వదినా, రేపటి మీటింగులో చూసి ఆశ్చర్యపోవాలి అన్నాడు."

చిన్నది ఒక్క ఉదుటున గట్టెక్కి అక్క పక్కకి వచ్చింది. ఆమె మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. అక్క పుండు చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుని, నొప్పి పుడుతుందని గుర్తొచ్చి మళ్ళీ మణికట్టు దగ్గర పట్టుకుంది.

"ఉన్నాయా? బురదతో సహా? అయితే ఉన్నాయక్కా. పోలేదు. నేను భయపడ్డానని ముందే వచ్చి తీసి దాచాడు. పిచ్చి మనిషి, చెబితే ఏం పోయింది. క్యాంపు అని, ఫోను ఆపేసి..."

"చూశావా" అన్నాడు బావ లేచి నిలబడుతూ. అతని గొంతు మళ్ళీ మామూలు లావుకి వచ్చింది. "అల్లుళ్ళు అల్లుళ్ళే. మీ నాన్న ఏం చూసి పిల్లల్నిచ్చాడో గాని ఇద్దరం ఆణిముత్యాలం."

అక్క కూడా నవ్వబోయింది. కన్నీళ్ళు ఆరని మొహంతో చెల్లెలి జుట్టు వెనక్కి తోయబోయి, తన వేళ్ళు చూసుకుని ఆగిపోయింది. చిన్నది ఫోను తీసి మొగుడి నంబరు నొక్కింది. స్విచాఫ్. మళ్ళీ నొక్కింది. అదే మాట.

"సిగ్నలు లేని చోట ఉన్నాడేమో" అంది అక్క. "ఎంత కలుపుగోలు మనిషే నీ మొగుడు. నా మనసులో ఉన్నది నోరు విప్పకుండానే కనిపెట్టేశాడు. మీ చెల్లెలు మీతో చెప్పలేకపోతోంది వదినా, ఈ కంపుకి తనకి నామోషీగా ఉంది, నీళ్ళు ఎలాగూ మేం తీసుకెళ్తున్నాంగా, తొట్టి శుభ్రంగా కడిగించండి, చూసి పొంగిపోతుంది అన్నాడు. నువ్వు అన్న మాటేననుకున్నాను."

చిన్నది ఫోను చెవి దగ్గర్నుంచి దించింది.

"నేనా మాట అనలేదు" అంది. "ఎవరితోనూ అనలేదు."

"అనకపోయినా..."

"అక్కా." గోట్లో ఇరుక్కున్న తెల్లటి పొడి కేసి చూస్తోంది. నారకి, నీటికి, రాతి సందులో దాక్కున్న ఆఖరి ప్రాణికి ఈ పొడి ఏం చేస్తుందో ఈ ఊళ్ళో ఎవరికీ తెలియనక్కర్లేదు. తెలిసినవాళ్ళు వేరే ఉన్నారు. ఇక అమ్మ నీళ్ళు మిగిలింది ఆ నీలం డ్రమ్ముల్లోనే. "సబ్బుతో కడగొచ్చుగా. బూడిదతో తోమొచ్చుగా. ఈ బ్లీచింగు పౌడరు మనూరి కొట్లో దొరకదే. నీకెక్కడిది?"

అక్క పాక మూల చూపించింది. ఖాళీ బస్తాలు నీటుగా మడిచి, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. పై బస్తా మీద మిల్లు ముద్ర.

"డ్రమ్ములతో పాటు అవి కూడా మరిదే తెచ్చాడు" అంది. "ఒక్క సందు కూడా వదలొద్దు వదినా అని, ఎలా వేయాలో దగ్గరుండి నేర్పించి మరీ వెళ్ళాడు."